పైకప్పు లేని కారు, తుప్పు పట్టిన గడప

తెలుగు పాఠం చెప్పే వారికి తుప్పు పట్టిన కారుతో ఏమి పని అని ఈ శీర్షిక చూచిన విద్యార్థులు అనుకోవచ్చును. ప్రశ్న సబబైనదే. మేము ఏనాడూ స్పానరు పట్టి ఎరుగము. అయినను 2019 వేసవి సెలవులలో మూడు వారాలపాటు ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో, మా పినతండ్రి కుమారుని ఇంటి వెనుక షెడ్డులో, చేత టార్చిలైటు పట్టుకొని ఒక పాత కారు పక్కన కూర్చున్నాము. అక్కడ కంట చూచినదీ, ఆ తరువాత అడిగి, చదివి తెలుసుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాము. మన కళాశాలలో చదువుకొని మెకానిక్ షెడ్లలో, డెంటింగ్ పనులలో కుదురుకొనే పిల్లలు ఏటేటా ఉంటారు. వారిని మనసులో ఉంచుకొనే ఇంత వివరంగా వ్రాయడం జరిగినది. తక్కినవారు కూడా చదువవచ్చును. ఇందులో కష్టమైన లెక్కలేవీ లేవు.

కారు పేరు ఎం.జి.బి. మోరిస్ గ్యారేజెస్ అను పూర్వపు సంస్థ పేరులోని మొదటి అక్షరాలే ఈ ఎం.జి. 1962 మొదలు 1980 వరకు ఆక్స్‌ఫర్డ్‌కు దాపున గల అబింగ్డన్ పట్టణంలో ఈ కార్లు తయారైనవి. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైబడి తయారైనట్లు లెక్క. ఇద్దరు కూర్చునే చిన్న బండి. గుడ్డతో చేసిన పైకప్పును మడిచి వెనుకకు వేసుకొనవచ్చును. ఈ రకాన్ని రోడ్‌స్టర్ అంటారు. స్థిరమైన ఇనుప కప్పు గల జి.టి. రకం 1965లో వచ్చినది. మనకు ఈ కారుతో దూరపు చుట్టరికం ఒకటి కలదు. దశాబ్దాలపాటు మన రోడ్ల మీద తిరిగి, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారులో చాలాకాలం వాడిన 1489 సి.సి. ఇంజనూ, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజనూ ఒకే కుటుంబానికి చెందినవి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ అని ఆ కుటుంబానికి పేరు. అంబాసిడర్ ఇంజను విప్పి బిగించిన మన పాత ఉస్తాదు ఎవరైనా ఎం.జి.బి. బానెట్ ఎత్తితే తన సొంత ఊరికి వచ్చినట్లే భావిస్తాడు. కాని ప్రస్తుతం మనకు కావలసినది ఇంజను కాదు. ఆ ఇంజనును, మనుషులను మోసే రేకుల కట్టడము.

పూర్వకాలపు కార్లకు ఛాసిస్ వేరు, బాడీ వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో నిజాం ప్రభువుల 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును విహారయాత్రలో చూచినవారు మనలో ఉన్నారు. ఆ రోజులలో రోల్స్ రాయిస్ వారు ఛాసిస్, ఇంజను మాత్రమే ఇచ్చేవారు. పల్లకీ వంటి పైభాగాన్ని వేరొక సంస్థవారు తయారుచేసి దానిపై కూర్చోబెట్టేవారు. అట్టి బండికి పైరేకు చివికినా కింది ఛాసిస్ బరువు మోస్తూనే ఉంటుంది. ఎం.జి.బి.కి ముందు 1955 నుండి 1962 వరకు వచ్చిన ఎం.జి.ఏ. కూడా ఇటువంటిదే. ఎం.జి.బి.తో ఈ పద్ధతి మారినది. అందులో విడిగా ఛాసిస్ లేదు. వంచిన పలుచని రేకులను ఒకదానితో ఒకటి అతికి చేసిన పెట్టెయే బాడీ, అదే ఛాసిస్ కూడా. దీనిని మోనోకాక్ నిర్మాణమంటారు. అంబాసిడర్ కూడా ఈ జాతిదే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రేకుల పెట్టెకు మూత ఉన్నంతవరకే పూర్తి బలం. మిఠాయి అట్టపెట్టెను మూతతో పట్టుకొని మెలిపెట్టి చూడండి, తొందరగా లొంగదు. మూత తీసి మెలిపెట్టండి. మూలలు ఇటొకటి అటొకటి పోతాయి. అంబాసిడర్‌కూ, ఎం.జి.బి.లోని జి.టి. రకానికీ ఇనుప కప్పే మూత. రోడ్‌స్టర్‌కు ఆ మూత లేదు. పైన గుడ్డ ఉన్నా లేకున్నా బలం విషయంలో ఒకటే. అందుచేత ముందు చక్రాల భారాన్నీ వెనుక చక్రాల భారాన్నీ కలిపి పట్టి ఉంచే పని నేలభాగం మీద, మధ్యలో గేరుబాక్సును కప్పే సొరంగం వంటి రేకు మీద, అన్నిటికంటె ఎక్కువగా రెండు పక్కల తలుపుల కింద నిడుపుగా సాగే పెట్టెల మీద పడుతుంది. ఈ పెట్టెలను ఇంగ్లీషువారు సిల్ అంటారు.

సిల్ అంటే గడప. మనం గడప దాటి ఇంటిలోకి వెళ్ళినట్లే దీనిని దాటి కారులోకి వెళ్ళాలి. ఉర్దూలో దహ్లీజ్ అనేది ఇదే. మాటవరుసకు మేము ఇకమీదట గడప అనియే వ్రాస్తాము. షెడ్డులో పనిచేసే పిల్లలు సిల్లు అని అనుకొన్నా నష్టం లేదు.

పైకి చూస్తే ఎం.జి.బి. గడప ఒకే రేకు వలె కనిపిస్తుంది. దానిని అడ్డంగా కోస్తే సంగతి తెలుస్తుంది. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, రెంటికీ నడుమ నిలువుగా నిలిచిన మూడవ రేకు. ఈ నడిమి రేకును మెంబ్రేన్, అనగా పొర, అంటారు. వీటి అడుగున, నేలరేకు అంచును పట్టుకొని నిడుపుగా సాగే నాలుగవ ముక్క ఒకటి ఉన్నది. కోటగోడ పళ్ళవలె వంపులు గల రేకు కనుక దానికి కాసిల్ రైలు అని పేరు. ఇవన్నీ సుమారు ఒక మిల్లీమీటరు మందపు రేకులే. విడివిడిగా చూస్తే చేతితో వంచవచ్చును. అంచుల వెంబడి చుక్కలు చుక్కలుగా స్పాట్ వెల్డింగు చేసి మూసిన పెట్టెగా మార్చినప్పుడే వాటికి బలం. ఇంకొక ముఖ్య విషయం. ఈ గడప మన కంటికి కనిపించినంత పొడవు మాత్రమే కాదు. ముందు మడ్‌గార్డు కిందికీ, వెనుక మడ్‌గార్డు కిందికీ చొచ్చుకొని పోయి, తలుపు బందులు బిగించిన ముందు స్తంభాన్నీ, తలుపు తాళం పడే వెనుక స్తంభాన్నీ అడుగున కలుపుతుంది. కనిపించని ఆ రెండు కొనలే మన కథకు మూలం.

మూసిన పెట్టె అని ఎందుకు నొక్కి చెప్పుతున్నామో తెలియడానికి తరగతి గదిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. నోటుపుస్తకం నుండి ఒక కాగితం చింపి గొట్టంగా చుట్టండి. కలిసిన అంచును నిలువునా జిగురుతో అతికించి ఆరనివ్వండి. రెండు కొనలు రెండు చేతులతో పట్టి మెలిపెట్టండి. కాగితమే అయినా గట్టిగా ఎదిరిస్తుంది. ఇప్పుడు బ్లేడుతో అతుకు వెంబడే నిలువునా కోసి మళ్ళీ మెలిపెట్టండి. కాగితం ఒక్క గడ్డిపోచ ఎత్తు కూడా తగ్గలేదు. కాని ఎదిరింపు మాత్రం మాయమైనది. గడప విషయంలోనూ ఇంతే. తుప్పు రేకునంతా తినివేయనక్కరలేదు. అడుగు అతుకు వెంబడి నిడుపుగా ఒక్క చీలిక తెచ్చితే చాలును. మిగిలిన రేకు తళతళలాడుతున్నా ఆ పెట్టె ఇక పెట్టె కాదు.

తుప్పు సంగతి రసాయన శాస్త్రం చదివే విద్యార్థులు మాకంటె బాగా చెప్పగలరు. తెలుగులో తుప్పు అన్నా చిలుము అన్నా, ఉర్దూలో జంగ్ అన్నా, ఇనుమూ నీరూ ప్రాణవాయువూ కలిసిన ఫలితమే. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక ఈ పని వేగం పుంజుకొంటుంది. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీటిని ముందు చక్రాలు వెనుకకు చిమ్ముతాయి. ఎం.జి.బి. ముందు మడ్‌గార్డు లోపల చక్రానికి వెనుకభాగాన ఒక అడ్డురేకు ఉన్నది. దాని చుట్టూ గల రబ్బరు పట్టీ కొంతకాలానికి ఎండి రాలిపోతుంది. అక్కడినుండి బురద లోపలికి చేరి, ముందు స్తంభం అడుగున, సరిగా గడప మొదటి కొన మీద, గూడు కట్టుకొని కూర్చుంటుంది. ఎండాకాలంలో కూడా ఆ మట్టి లోపల తడి ఆరదు. గడప అడుగున నీరు జారిపోవడానికి చిన్న రంధ్రాలు పెట్టారు. వాటిని బురద పూడ్చివేస్తుంది, లేదా యజమాని శ్రద్ధగా పూసిన తారు వంటి పూతయే పూడ్చివేస్తుంది. ఈ రెండవది చూచి మాకు జాలి కలిగినది. కాపాడబోయి చేసిన పనియే లోపల నీటిని నిలువ ఉంచినది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల నడుమ అతుకులో అది ఉబ్బి, వాటిని గూటంతో విడదీసినట్లు విడదీస్తుంది. ఇదంతా లోపలినుండి బయటికి జరిగే పని. రంగు మీద ఒక చిన్న పొక్కు కనిపించేనాటికి లోపల కథ చాలావరకు ముగిసి ఉంటుంది.

మా తమ్ముడు పగలు ఒక గిడ్డంగిలో పనిచేస్తాడు. సాయంకాలపు తరగతులలో వెల్డింగు నేర్చుకొన్నాడు. అతడు కొన్నది 1972 నాటి ఎర్రని రోడ్‌స్టర్. అమ్మినవాడు గడపలు రెండూ కొత్తవని చెప్పాడట. రంగు నున్నగా, తలుపులు చక్కగా ఉన్నవి. అయితే దానికి ఇటీవలి భద్రతా పరీక్ష కాగితం లేదు. బ్రిటన్‌లో ఎం.ఓ.టి. అనే ఏటేటి పరీక్ష 1960లో మొదలైనది. సస్పెన్షన్, స్టీరింగు, సీటు బెల్టులు వంటివి బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపల బరువు మోసే లోహం తుప్పుతో బలహీనపడితే ఆ పరీక్షలో బండి తప్పుతుంది. కాని 2018 మే నుండి, నలభై ఏండ్లు నిండి పెద్ద మార్పులకు లోనుకాని కార్లకు ఈ పరీక్ష తప్పనిసరి కాదన్నారు. చివరి ఎం.జి.బి. తయారైనది 1980లో కనుక నేడు ఆ జాతి దాదాపుగా అంతా ఈ మినహాయింపు కిందికి వచ్చినది. బండిని క్షేమకరమైన స్థితిలో ఉంచే బాధ్యత మాత్రం చట్టం యజమాని మీదనే ఉంచినది. కోరినవారు పరీక్ష చేయించుకొనవచ్చును. కోరనివారి కారు అడుగు చూచేవారు ఇక ఎవరూ లేరు. ఆ కారులో తన భార్యనూ, ఏడేండ్ల కూతురినీ సముద్రతీరానికి తీసుకొనిపోవలెనని మా తమ్ముని కోరిక.

మేము వెళ్ళిన మరునాడే అతడు ఒక చిన్న సుత్తి మా చేతికిచ్చి, “భయ్యా, కొట్టి చూడండి, చప్పుడు వినండి” అన్నాడు. తలుపు కింద మధ్యభాగాన కొడితే కంగుమన్నది. ముందు చక్రం దగ్గరకు వచ్చేసరికి కుండపెంకు మీద కొట్టినట్లు మొద్దు చప్పుడు. అయస్కాంతం అక్కడ అంటలేదు. గ్రైండరుతో రంగు తీస్తే వేలెడు మందాన లప్పం, దాని వెనుక నలిపి కుక్కిన వార్తాపత్రిక కాగితాలు బయటపడినవి. మేము వెనుకటి అలవాటు కొద్దీ ఆ కాగితం మీది తేదీ చదువబోయాము. అక్షరాలు తుప్పు నీటికి కరిగిపోయినవి. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదనే చెప్పాలి. గడప కొత్తదే. పాత గడపను తీయకుండా, కనిపించినంత మేర మాత్రమే దాని మీద కొత్త రేకు కప్పి, రెండు కొనలను మడ్‌గార్డు అంచు దగ్గర లప్పంతో కలిపివేశారు. లోపలి పొర లేదు. కాసిల్ రైలు మూరెడు మేర రొట్టెముక్కలాగా విరిగి చేతికి వచ్చినది. స్తంభాలను కలపవలసిన కొనలు గాలిలో ఉన్నవి.

ఇట్టి పని ఇంగ్లండులోనే జరుగుతుందని అనుకొనకూడదు. పాత రేకు మీద కొత్త రేకు కొట్టి, లప్పం పెట్టి, పండుగలోపున రంగు వేసి ఇచ్చే పద్ధతి మన ఊళ్ళలోనూ కలదు. కప్పువేసిన కారుకు అది కొంతకాలం చెల్లుతుంది. రోడ్‌స్టర్‌కు చెల్లదు. గుంతలో చక్రం పడినప్పుడు తలుపు దానంతట అది తెరుచుకొంటే అదృష్టం, ఎందుకంటే అది ముందుగా చేసిన హెచ్చరిక. ఢీకొన్నప్పుడు నడుము దగ్గర మడతపడితే లోపలివారికి నిలువ చోటు ఉండదు.

మరి పూర్తిగా కొత్త బాడీయే వేయరాదా అని అడుగవచ్చును. వేయవచ్చును. 1988 నుండి ఎం.జి.బి. బాడీలను పాత అచ్చుల మీదనే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. పాత మోటారు బండ్ల విషయంలో ఇది అరుదైన భాగ్యం. అయితే దాని ధర మా తమ్ముని వంటి గిడ్డంగి ఉద్యోగి అందుకొనగలిగినది కాదు. విడి రేకులు మాత్రం అన్నీ దొరుకుతాయి. కనుక కోసి అతకడమే మార్గం.

ఈ పనిలోని అసలు కష్టం వెల్డింగు కాదని మాకు అప్పుడు తెలిసినది. ఏ భాగం కారుకు ఆకారాన్ని నిలిపి ఉంచుతున్నదో ఆ భాగాన్నే మనం కోస్తున్నాము. కోసిన క్షణాన కారు తన బరువుకు తానే కుంగుతుంది. కుంగిన స్థితిలో కొత్త రేకు అతికితే ఆ వంకర శాశ్వతమవుతుంది. అందుచేత కోయకముందే చేయవలసిన పనులు చాలా ఉన్నవి. బ్యాటరీ తీగలు విప్పాలి. పెట్రోలు ట్యాంకు తీసి షెడ్డుకు దూరంగా ఉంచాలి. ఖాళీ ట్యాంకు అని ధైర్యం పనికిరాదు. నిండు ట్యాంకుకంటె ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. నేల వెంబడి పోయే పెట్రోలు, బ్రేకు గొట్టాలను గుర్తించి తప్పించాలి. సీట్లు, తివాచీలు తీయాలి. తరువాత కారును నాలుగు మూలలా, సస్పెన్షన్ బరువు పడే చోట్ల, గట్టి స్టాండ్ల మీద నిలిపి రసమట్టంతో చూడాలి. మన మేస్త్రీలు గోడకు వాడే రసమట్టమే అది. ముందు స్తంభం నుండి వెనుక స్తంభానికి తలుపు సందులో చదరపు ఇనుప గొట్టంతో ఊతం బిగించాలి. ఈ ఊతం కారు లోపలివైపుకు ఉండేటట్లు చూచుకొంటే తలుపును మళ్ళీ మళ్ళీ వేసి చూడవచ్చును. ఏలయనగా ఈ పని మొత్తానికి కొలబద్ద ఆ తలుపే. చివరగా, ఒక పక్క పూర్తిగా ముగియనిదే రెండవ పక్క ముట్టరాదు.

మా తమ్ముడు వీటన్నిటినీ చేశాడు, ఒక్కటి తప్ప. ఎడమపక్క ఊతం వెనుక కొనను ఒకే బోల్టుతో బిగించాడు. ఆ రంధ్రం కూడ కొంచెం పెద్దది. కోయకముందు తలుపు వెనుక అంచున సందు పైనా కిందా నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు కాడను పైనుండి కిందికి జార్చి కొలిచేవాడు. బయటి గడప కోసి, మిగిలిన పొర కూడా తీసి, కొత్త ముక్కలు క్లాంపులతో పట్టి, అక్కడక్కడ చిన్న చుక్కలు అతికినాడు. ఇందుకు నాలుగు సాయంత్రాలు పట్టినవి. ఐదవనాడు తలుపు వేలాడదీస్తే పైమూలన డ్రిల్ బిట్టు దూరలేదు. కింద మాత్రం ఆరు మిల్లీమీటర్ల సందు. నడుము కుంగినది.

అప్పుడు రాత్రి తొమ్మిది కావస్తున్నది. మే నెలాఖరు కనుక బయట ఇంకా వెలుతురు ఉన్నది. ఐదు దినాల శ్రమ చూచిన మాకు మనసొప్పక ఒక సలహా చెప్పాము. తలుపు బందులను సవరించవచ్చును కదా, బందు కింద పలుచని రేకుముక్క ఒకటి పెట్టి తలుపును తిప్పితే సందు సమమవుతుంది కదా అన్నాము. మా ఇంట తలుపు పట్టినప్పుడు వడ్రంగి చేసేది అదే. అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “భయ్యా, తలుపు వంకర కాదు, ఇల్లే వంకర” అని గ్రైండరు అందుకొన్నాడు.

మేము ఇచ్చిన సలహా ఎంత చెడ్డదో తరువాత నిదానంగా ఆలోచించుకొన్నాము. బందు సవరిస్తే తలుపు చక్కగా పడేది. చూచినవారు మెచ్చుకొనేవారు. కాని కుంగుబాటును చూపే సాక్షి అదొక్కటే. ఆ సాక్షి నోరు మేమే మూయించబోయాము. ఆ కారును ఎర్రరంగుతో, కొత్త గడపలని చెప్పి అమ్మినవాడు కూడా ఒకనాటి సాయంత్రం ఇటువంటి సలహానే ఎవరివద్దనో విని ఉంటాడు.

అతికిన చుక్కలన్నీ ఆ రాత్రే కోసివేశాడు. మరునాడు నేలరేకు కింద చెక్కపలక అడ్డం పెట్టి, దాని కింద జాకీ నిలిపి, ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున ఎత్తసాగాడు. మేము డ్రిల్ బిట్టు పట్టుకొని సందులో జార్చి చూస్తూ చెప్పుతున్నాము. పైన నాలుగు, కింద నాలుగు వచ్చినప్పుడు ఆపించాము. ఈసారి ఊతానికి ప్రతి కొనా రెండేసి బోల్టులు. తలుపు సందును మూలనుండి మూలకు రెండువైపులా టేపుతో కొలిచి, ఆ అంకెలను ఊతం గొట్టం మీదనే సుద్దముక్కతో వ్రాశాడు. ఆ తరువాత ప్రతి దశలో ముందుగా ఆ అంకెలు సరిచూచి, తరువాతనే మంట వెలిగించేవాడు.

అతుకు విషయం కొంత చెప్పాలి. మన షెడ్లలో సీఓటూ వెల్డింగు అని పిలిచే పద్ధతినే అతడు వాడినాడు. గ్యాసు వెల్డింగు వేడి విశాలంగా వ్యాపించి పలుచని రేకును అలలు చేస్తుంది. ఇత్తడి కరిగించి పోసే అతుకును బరువు మోసే చోట ఎం.ఓ.టి. పరీక్షకులు అంగీకరించరు. తుప్పు ఉన్న రేకు మీద అతికితే అతుకు నిలువదు. మెరిసే లోహం వచ్చేవరకు కోయవలసినదే, అది మనం అనుకొన్నదానికంటె ఎప్పుడూ జానెడు దూరంగానే ఉంటుంది. కార్ఖానాలో యంత్రం వేసిన స్పాట్ వెల్డులకు బదులుగా, పైరేకుకు ఆరు మిల్లీమీటర్ల రంధ్రాలు వరుసగా తొలిచి, ఆ రంధ్రం గుండా కిందిరేకును కరిగించి రెంటినీ ఒకటి చేయాలి. ఒకదాని పక్కన ఒకటిగా వేయరాదు. ఈ కొన ఒకటి, ఆ కొన ఒకటి, మధ్యన ఒకటి, ఇట్లా తిరుగుతూ వేస్తేనే వేడికి రేకు ముడుచుకొనకుండా ఉంటుంది. ఒకదానిపై ఒకటి పడే అంచులకు జింకు కలిసిన పూత ముందుగానే పూయాలి. అతికిన తరువాత ఆ సందులోకి ఏ కుంచె పోదు.

మాకు మిక్కిలి నచ్చినది మరొకటి. ప్రతి సాయంత్రం కారు మీద చేయి వేయకముందు అతడు రెండు చెత్త రేకు ముక్కలను అదే తీరున అతికి, ఒకదానిని వైజులో బిగించి, రెండవదానిని పట్టుకారుతో ఒలిచేవాడు. అతుకు ఊడి వస్తే వెల్డింగు చెడ్డది. అతుకు నిలిచి, దాని చుట్టూ రేకే చిరిగి రంధ్రం పడితే మంచిది. మూడవ వారంలో ఒకనాడు మూడు ముక్కలు వరుసగా ఊడినవి. యంత్రం అమరిక ఎక్కడో తప్పినదన్నాడు. ఆ సాయంత్రం కారు ముట్టలేదు; టీ త్రాగి లోపలికి వెళ్ళాము. ఈ పరీక్షకు ఖర్చు లేదు, చిత్తు రేకు చాలును. మన ఊళ్ళో డెంటింగ్ నేర్చుకొనే పిల్లలకు ఇటువంటిదేదైనా సాయంకాలాలలో నేర్పించే అవకాశం ఉన్నదేమో కళాశాల కమిటీ పెద్దలు ఆలోచించవలెనని మా మనవి. పరీక్షలో మార్కులు వేసేవారు ఉంటారు. గడప లోపలి అతుకుకు మార్కులు వేసేది పట్టుకారు ఒక్కటే.

అన్నిటికంటె చివర బయటి గడప. దానిని అతకకముందే తలుపునూ, ముందు మడ్‌గార్డునూ ఒకసారి తాత్కాలికంగా బిగించి చూడాలి. ఎం.జి.బి. ముందు మడ్‌గార్డు బోల్టులతో బిగించినది కనుక విప్పవచ్చును. వెనుకది అతికినది, గడప రెండవ కొనను చేరాలంటే దాని అడుగు అంచును కోయక తప్పదు. బహుశా ఇక్కడనే చాలామంది పనివారు వెనుకకు తగ్గుతారు. కోసిన మడ్‌గార్డును మళ్ళీ కలిపి, రంగు కుదర్చడం రెండు దినాల అదనపు పని. పైగా గడప ఎంతదూరం లోపలికి పోయినదో రంగు వేసిన తరువాత ఎవరికీ తెలియదు. మా తమ్ముడు కోసినాడు. వెనుక స్తంభం అడుగున కొత్త రేకు తగిలినప్పుడు వేలితో తాకి చూడమన్నాడు. చూచాము.

మా సెలవులు అంతటితో ముగిసినవి. కుడిపక్క పనిని అతడు తరువాతి సంవత్సరం ఒంటరిగా చేసి ఫోనులో చూపించాడు. మొదటగా మేము అడిగినది తలుపు సందు. డ్రిల్ బిట్టు పైనుండి కిందివరకు ఎక్కడా ఆగకుండా జారినది. చట్టం అడుగకపోయినా కారును ఎం.ఓ.టి. పరీక్షకు తీసుకొనిపోతానన్నాడు. అంతకుముందు చేయవలసినది ఒకటి మిగిలి ఉన్నది. అతుకులన్నీ చల్లారి, రంగు ఆరిన తరువాత గడప లోపలికి సన్నని గొట్టంతో పలుచని మైనం చిమ్మాలి. ముందే చిమ్మితే వెల్డింగు వేడికి అది అంటుకొంటుంది. కారు కింద పాత వార్తాపత్రికలు పరచి చిమ్మసాగాడు. అడుగు రంధ్రాలలో ఒక్కొక్కటి నుండి గోధుమరంగు చుక్కలు రాలి కాగితం మీద పడుతున్నవి. అన్ని రంధ్రాలనుండీ రాలేవరకు ఆగి, మైనం గట్టిపడకముందే సన్నని తీగతో వాటిని మళ్ళీ ఒక్కొక్కటిగా తెరిచినాడు.